ఖాతా బతకడానికి నూటయాభై

మూడో బండి మాసిన దుప్పట్లు దించేసరికి ఆమె వేళ్లకు స్పర్శ పోయింది. రక్తం మరకలకు చన్నీళ్లే వాడాలి. వేణ్ణీళ్లు తగిలాయంటే మరక నూలులోకి ఉడికిపోతుంది, ఇక ఆ దుప్పటి చిరిగేదాకా వదలదు. అందుకని పొద్దున ఏడు నుంచి ఆమె చన్నీళ్ల తొట్టి ముందే నిలబడి ఉంది. రబ్బరు తొడుగులు నెలకు ఒక్క జత ఇస్తారు. రెండో వారానికే అవి వేళ్ల సందుల్లో చిరుగుతాయి. పోయిన నెల జత ఎప్పుడో చిరిగింది, ఈ నెల జత ఇంకా రాలేదు.

రెండు ఆసుపత్రుల గుడ్డలు ఆ షెడ్డులోనే ఉతుకుతారు. ముప్పై రెండు మంది పనివాళ్లు, అందులో బాయిలరు దగ్గరి ముసలాయన తప్ప అందరూ ఆడవాళ్లే. మరకలు వదలగొట్టే పని ఆమెది కాబట్టి అందరికీ ఆమె మరకలామె. ఉతికి ఆరిన దుప్పట్లను రోలరు కింద పెట్టి ఇస్త్రీ చేసేది పొడుగమ్మాయి. చివరి బల్ల దగ్గర వాటిని మడతపెట్టి పదేసి లెక్కన కట్టేది మడతలక్క. మడతలక్క మరకలామెకు స్వయానా ఆడపడుచు, భర్తకు అక్క. షెడ్డులో అందరికీ మడతలక్కే అయినా మరకలామె మాత్రం "వదినా" అనే పిలుస్తుంది.

ఆ రోజు ఏడో తారీఖు, జీతాల రోజు. మధ్యాహ్నం భోజనాల గంట కొట్టగానే మేస్త్రి సబ్బుల గది గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒళ్లో సంచి, సంచి నిండా కవర్లు. పనివాళ్లు తడి చేతులు తుడుచుకుంటూ వరసగా నిలబడ్డారు.

మరకలామె కవరు విప్పి చూసుకుంది. ఎనిమిదివేల నాలుగువందలు. రోజుకు మూడువందల లెక్కన నెలకు తొమ్మిదివేలు. జ్వరంతో రెండు రోజులు మంచం దిగలేదు, ఆరువందలు కోశాడు. అది ముందే తెలుసు. తెలిసినా, చేతిలో పడ్డాక కవరు పలచగానే అనిపించింది.

కవరింకా మూయకముందే వదిన పుస్తకం పట్టుకుని పక్కన నిలబడింది. జీతాల రోజున ఖాతా డబ్బులు వసూలు చేసే పని వదినదే.

"రెండువందలు."

"రెండువందలేంటి? నూటయాభై కదా?"

"పెంచారంట బ్యాంకువాళ్లు. ఈ నెల నుంచి రెండువందలు."

మూడేళ్ల కిందట, పనివాళ్లందరికీ బ్యాంకు ఖాతా ఉండాలని ఆసుపత్రివాళ్లు నియమం పెట్టారని చెప్పి, మేస్త్రి వాళ్లందరినీ గుడ్డల బండిలోనే ఎక్కించి బ్యాంకుకు తీసుకెళ్లాడు. ఒక్కొక్కరి చేత పదకొండు చోట్ల సంతకాలు పెట్టించాడు. వారం తర్వాత ఏటీఎం కార్డులొచ్చాయి. "మీ దగ్గరుంటే సబ్బు నీళ్లలో నాని పాడైపోతాయి" అని ఆయనే దాచాడు. పాసు పుస్తకాలూ ఆయన దగ్గరే. జీతం మాత్రం ఎప్పటిలాగే కవర్లో వచ్చేది. మీరు ముసలివాళ్లయ్యాక పెన్షన్ పడటానికి ఈ ఖాతా, అప్పటిదాకా దాన్ని బతికించుకోవాలి, బతికించుకోవాలంటే నెలనెలా బ్యాంకు రుసుము కట్టాలి అని చెప్పాడు. అప్పటినుంచీ ఎవరూ ఒక్క నెల తప్పలేదు.

"నాకెందుకు వదినా ఈ ఖాతా?" అంది మరకలామె. "డబ్బులేమో కవర్లో వస్తున్నాయి. లోపల కాసు లేని ఖాతాకి నెలనెలా మేత వెయ్యడమెందుకు?"

"కట్టకపోతే చచ్చిపోతుంది. చచ్చినదాన్ని మళ్లీ లేపాలంటే రెండువేలవుతుందంట. ఇవ్వు, ఇంకా పద్దెనిమిది మంది ఉన్నారు."

"నీకు మాఫీయేగా. నీకేం, ఎన్నయినా చెప్తావు."

నవ్వుతూనే అంది ఆ మాట. వదిన నవ్వలేదు. "ఊరికే మాఫీ చెయ్యలేదు. నెలకోసారి ఇంతమంది చుట్టూ తిరిగి, ఇంతమంది సణుగుడు వింటున్నందుకు చేశాడు" అని రెండువందలు అందుకుని పుస్తకంలో టిక్కు పెట్టింది.

మరకలామె మిగిలింది కొంగున ముడేసుకుంది. లారీ మీంచి బస్తాతో సహా పడి భర్త నడుము విరగ్గొట్టుకున్నప్పుడు, మేస్త్రిని బతిమాలి ఆమెకు ఈ పని ఇప్పించింది వదినే. మొదటి నెల వదిన ఇంటి పొయ్యి మీదే రెండు కుటుంబాల వంటా జరిగింది. ఆ సంగతి వదిన ఎప్పుడూ ఎత్తదు. ఎత్తకపోయినా ఇద్దరికీ గుర్తే.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి భర్త గుమ్మంలో కూర్చుని బడి సంచికి జిప్పు కుడుతున్నాడు. నడుముకు పట్టీ కట్టుకుని కూర్చోగలిగినంతసేపు కూర్చుంటాడు, రోజుకు నాలుగైదు సంచులవుతాయి. రెండువందల సంగతి విని దారం పంటితో తెంపాడు.

"చచ్చిపోద్ది, చచ్చిపోద్ది అని భయపెట్టి తీసుకుంటున్నారుగా. మనమే చంపేస్తే పోలా?"

"ఏంటి?"

"ఖాతాని. వెళ్లి మూసెయ్యమను. పీడా పోద్ది. పెన్షన్ వచ్చేనాటికి మనముంటే కదా."

అతను సరదాకి అన్నాడు. ఆమెకు మాత్రం ఆ మాట పట్టుకుంది. తర్వాతి బుధవారం మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టింది. సగం రోజు కూలి నూటయాభై పోతుంది. ఒక్కసారి పోతే పోనీ, ఇక జన్మలో రుసుము కట్టే పని తప్పుతుందని లెక్క వేసుకుంది.

బ్యాంకులో చల్లగా ఉంది. చీటీ తీసుకుని కూర్చుంటే గంటన్నరకు ఆమె అంకె వచ్చింది. కౌంటర్లో బట్టతల గుమాస్తా, కళ్లజోడును తాడుతో మెడలో వేలాడదీసుకుని ఉన్నాడు. ఆమె గుర్తింపు కార్డు ఇచ్చి, "ఖాతా మూసెయ్యాలండీ" అంది.

ఆయన కార్డు మీది అంకెలు కొట్టి తెరకేసి చూశాడు. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూశాడు.

"ఇంత చక్కగా నడుస్తున్న ఖాతా మూసెయ్యడమేంటమ్మా? పని మానేశారా?"

"నడుస్తుందా? ఎవరు నడిపిస్తున్నారు?"

"మీరే కదా."

"నేనీ మెట్లెక్కి మూడేళ్లయిందండీ. అందులో ఏం లేదు. ఊరికే నెలనెలా మీ రుసుము కట్టలేక మూసెయ్యమంటున్నాను."

"ఏ రుసుము?"

"బతికుంచే రుసుము. నూటయాభై ఉండేది, ఈ నెల మీరే రెండువందలు చేశారంటగా."

వెనక నిలబడ్డవాళ్లు వినేంత గట్టిగా ఆయన నిట్టూర్చాడు. రోజుకు ఇలాంటివాళ్లను పదిమందిని చూస్తాననే ధోరణిలో మొదలుపెట్టాడు. "ఇది జీతాల ఖాతా అమ్మా. జీతం పడుతున్నంతకాలం మేం దమ్మిడీ కొయ్యం. మీరు పని మానేసి, మూణ్ణెల్లు జీతం పడకపోతే అప్పుడు మామూలు ఖాతా అవుతుంది. అప్పుడు నెలకింతని చార్జీ పడుతుంది. అప్పుడు కూడా మీరొచ్చి చిన్న ఖాతాగా మార్చమని కాగితమిస్తే ఆ చార్జీ కూడా ఉండదు. ఏడాదికోసారి ఓ వంద వెయ్యడమో తియ్యడమో చేస్తే ఖాతా పడుకోదు కూడా. అంతే. ఇంకెవరికీ ఏం కట్టక్కర్లేదు."

"జీతం పడుతుందంటున్నారు. ఎక్కడ పడుతుందండీ?"

ఆయన తెరను కొంచెం ఆమె వైపు తిప్పాడు. ఏడో తరగతి దాకా చదివింది, అంకెలకు తడబడాల్సిన పని లేదు. ప్రతి నెలా ఆరో తారీఖున పదమూడువేల ఆరువందలు జమ. ప్రతి నెలా ఏడో తారీఖు పొద్దున్నే పదమూడువేల ఆరువందలు తీసివేత. కిందికి, ఇంకా కిందికి, అదే వరస. జ్వరంతో రెండు రోజులు మానేసిన నెల కూడా పూర్తి పదమూడువేల ఆరువందలు.

ఆమె చాలాసేపు చూసింది. వెనకనుంచి ఎవరో "త్వరగా కానివ్వండమ్మా" అన్నారు.

గుమాస్తా ఈసారి గొంతు తగ్గించాడు. "కార్డెవరి దగ్గరుంది?"

"మా మేస్త్రి దగ్గర."

"రహస్య అంకె?"

"ఆయనే పెట్టాడు."

"ఇక్కడున్న ఫోన్ నంబరు?"

ఆయన చదివాడు. అదీ మేస్త్రిదే.

గుమాస్తా కళ్లజోడు తీసేశాడు. ఎదురుగా ఉన్న మనిషిని అప్పుడే మొదటిసారి సరిగ్గా చూసినట్టు చూశాడు. నీళ్లలో నాని పాలిపోయిన గోళ్లు, వేళ్ల సందుల్లో ఎర్రగా చిట్లిన చర్మం. "నేను చెప్పగలిగింది ఒకటే. మీరు కోరితే ఆ కార్డు ఇప్పుడే ఆపేస్తాను. ఫోన్ నంబరు మారుస్తాను. కొత్త కార్డు వారంలో ఈ కౌంటర్లోనే మీ చేతికిస్తాను. మీ సంతకం చాలు, ఎవరి అనుమతీ అక్కర్లేదు."

"ఆపితే ఆయనకి తెలుస్తుందా?"

"ఇప్పుడు తెలియదు. వచ్చే ఏడో తారీఖున కార్డు పెట్టినప్పుడు తెలుస్తుంది."

తెలిస్తే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. ఇంటి అద్దె రెండువేల ఐదువందలు. భర్త నడుము మందులు తొమ్మిదివందలు. ఆ పని పోతే ఊళ్లో ఇంకో లాండ్రీ లేదు. ఇవన్నీ ఆ కౌంటరు ముందే మనసులో తిరిగాయి. వాటితోపాటు, రెండు రోజుల జ్వరానికి ఆరువందలు కోస్తూ "నీ మీద జాలితో ఇంతే కోశాను" అన్న మేస్త్రి మాట కూడా తిరిగింది.

"ఆపండి" అంది. "ఇదంతా ఒక కాగితం మీద అచ్చువేసి కూడా ఇవ్వండి."

"కాగితానికి ఇరవై అవుతుంది."

"ఓహో. దీనికి మాత్రం నిజంగానే రుసుముందన్నమాట" అని ఇరవై తీసి బల్ల మీద పెట్టింది.

భర్త ఆ కాగితాన్ని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివాడు. మొదట నవ్వాడు. మూసేద్దామని వెళ్తే ఇదా బయటపడింది అన్నాడు. తర్వాత నవ్వాగిపోయింది. నెలకు నాలుగువేల ఆరువందలు, మూడేళ్లు. తన నడుముకు ఆపరేషన్ చెయ్యడానికి డాక్టరు అడిగింది అందులో సగం.

వదిన ఉండేది వాళ్లింటి మేడ మీది గదిలోనే. మర్నాడు సాయంత్రం మరకలామె వెళ్లేసరికి ఆమె మణికట్లకు నూనె రాసుకుంటోంది. రోజుకు ఆరువందల దుప్పట్లు మడిచే చేతులు. వదినకు అక్షరాలు రావు, అంకెల దగ్గర మాత్రం ఆమెను ఎవరూ మోసం చెయ్యలేరని షెడ్డులో అందరూ అనుకుంటారు. కాగితం తీసుకుని అంకెల మీద వేలు పెట్టి ఒక్కో వరసా చూసింది.

"ఇది నీ ఖాతాయేనని ఏంటి నమ్మకం?"

"నా పేరే ఉంది వదినా. పైన."

"బ్యాంకువాడు ఎవరిదో తీసి నీ చేతిలో పెట్టుంటాడు. అన్నేసి వేలు మనకెవరిస్తారు?"

"ఆసుపత్రివాళ్లు ఇస్తున్నారు. మేస్త్రి తీసుకుంటున్నాడు. రుసుము అసలు లేనే లేదంట. ఎప్పుడూ లేదంట."

వదిన కాగితం కింద పెట్టేసింది. నూనె చేతుల ముద్రలు దాని అంచున పడ్డాయి.

"మూడేళ్లు. ముప్పైమంది దగ్గర. ఇల్లు గడవట్లేదని ఏడ్చినవాళ్ల దగ్గర కూడా నిలబడి తీసుకున్నాను. ఇదే నిజమైతే నేనేమవుతాను?"

"నీకు తెలియదుగా."

"తెలియదంటే ఎవరు నమ్ముతారు? నువ్వు నమ్ముతావా? మొన్న నువ్వే అన్నావుగా, నీకు మాఫీయే కదా అని!" ఆమె గొంతు పెరిగింది. "పో, ఇది తీసుకునిపో. ఆ పని నీకిప్పించింది నేను. ఈ పిచ్చి కాగితం పట్టుకుని దాన్ని పోగొట్టుకున్నావంటే, మా తమ్ముణ్ణి నువ్వే పోషించుకో, మళ్లీ నా గడప తొక్కకు."

ఆ తర్వాత మూడు వారాలు వదిన ఆమెతో మాట్లాడలేదు. మాట్లాడకపోగా, బల్ల దగ్గరనుంచి దుప్పట్లు వెనక్కి పంపడం మొదలుపెట్టింది. ఇక్కడ చుక్క ఉంది, అక్కడ పసుపు మిగిలింది అని పొడుగమ్మాయి చేత చెప్పించేది. మరకలామె మళ్లీ రుద్దేది. లేని మరకను రుద్దడం ఉన్నదాన్ని రుద్దడం కంటే కష్టం. అయినా ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. వదిన మేస్త్రి చెవిన వేస్తుందేమోనని ఒక భయం ఉండేది. రోజూ పొద్దున ఆయన ముఖం చూసి, ఈ రోజుకి తెలియలేదు అనుకుని తొట్టి దగ్గరికి వెళ్లేది.

ఆరో తారీఖు సాయంత్రం భర్త ఫోను మోగింది. పదమూడువేల ఆరువందలు జమ అయినట్టు కబురు. అతను దాన్ని మూడుసార్లు పైకి చదివాడు. "నీ పేరు మీద ఇన్ని అంకెలు నేనెప్పుడూ చూడలేదు" అన్నాడు. కొత్త కార్డు అప్పటికే ఆమె సంచిలో ఉంది. ఆ రోజు ఆమె డబ్బు తియ్యలేదు. ఒక్క రోజైనా తన జీతం తన ఖాతాలో ఉండనీ అనుకుంది.

మర్నాడు మేస్త్రి రోజూ వచ్చే వేళకు రాలేదు. పదిన్నరకు వచ్చి, తిన్నగా సబ్బుల గదిలోకి వెళ్లి ఆమెను పిలిపించాడు. లోపలికి వెళ్లగానే తలుపు సగం వేశాడు. గొంతు మెత్తగానే ఉంది.

"నీ కార్డు మిషన్ మింగేసిందమ్మా. బ్యాంకువాళ్ల పొరపాటు. బండెక్కు, వెళ్లి ఒక్క సంతకం పెట్టొస్తే సరిపోద్ది."

"పొరపాటేం లేదండీ. నేనే ఆపించాను."

ఆయన కుర్చీ లాగి, "కూర్చో" అన్నాడు. ఆమె కూర్చోలేదు.

"చూడూ. అదంతా నేనే తింటున్నాననుకుంటున్నావేమో. నా పైన కాంట్రాక్టరున్నాడు. ఆసుపత్రి ఆఫీసులో నోళ్లున్నాయి. టెండరు ఊరికే వచ్చి ఒళ్లో పడుతుందా? అందరికీ పంచాక నాకు మిగిలేదెంతో తెలుసా నీకు?"

"తెలియదండీ. నాకు మిగిలేదెంతో తెలుసు."

"సరే. ఇవాళ్టినుంచి నీకు రుసుము మాఫీ. మీ వదినకి చేశానుగా, అలాగే. నీ తొమ్మిదివేలు నువ్వుంచుకో, పైది తెచ్చి నా చేతిలో పెట్టు. తొడుగులు కూడా నెలకి రెండు జతలిప్పిస్తా. మూడో మనిషికి తెలియక్కర్లేదు."

ఆమెకు ఒక్క క్షణం తన చేతులు కనిపించాయి. రెండు జతలు. అలా అనుకున్నందుకు తన మీదే రోత పుట్టింది. తలుపు బార్లా తీసింది.

"ఇప్పుడు చెప్పిందే అక్కడ చెప్పండి మేస్త్రి గారూ. బల్ల దగ్గర, అందరూ వినేలాగా."

"పిచ్చి వేషాలెయ్యకు."

ఆమె అప్పటికే నడుస్తోంది. మడతల బల్ల మీద పరిచి ఉన్న తెల్ల దుప్పటి మీద బ్యాంకు కాగితం పెట్టింది. రోలరు మోతలో కూడా వినపడేంత గట్టిగా మొదలుపెట్టింది. తాను ఖాతా మూయించడానికి వెళ్లిందీ, అక్కడ కనపడిందీ, గుమాస్తా చెప్పిందీ, వరసగా. మధ్యలో పొడుగమ్మాయి రోలరు ఆపేసింది. బాయిలరు ముసలాయన మసి చేతులతో వచ్చి వెనక నిలబడ్డాడు. జీతాల ఖాతాకు రుసుమే లేదన్న మాట దగ్గర ఎవరో "ఏంటీ?" అని అరిచారు. పదమూడువేల ఆరువందలు అన్నప్పుడు మాత్రం ఎవరూ అరవలేదు.

మేస్త్రి జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. ఎదురుగా మడతలక్క కనపడగానే ఆయన ముఖం కొంచెం తేటపడింది.

"అక్కా, నువ్వు పెద్దదానివి. నీ మరదలికి బుద్ధి చెప్పు. రుసుము ఎందుకు కడుతున్నామో వీళ్లందరికీ చెప్పు. ఎవరో ఏదో ఎక్కిస్తే..."

వదిన చేతిలో దుప్పటి సగం మడతలో ఉంది. దాన్ని నాలుగు మూలలూ కలిపి మడిచి, అరచేత్తో రాసి, కట్ట మీద పెట్టింది. ఆ తర్వాత జాకెట్టు లోపలినుంచి చిన్న చేతిసంచి తీసి, అందులోంచి నాలుగు మడతల కాగితం ఒకటి విప్పింది.

"మొన్న డాక్టరు దగ్గరికని చెప్పి మధ్యాహ్నం వెళ్లానే, డాక్టరు దగ్గరికి కాదు" అంది. "నాకు పదిహేనువేల రెండువందలు పడుతున్నాయి. నువ్వు నా చేతిలో పెట్టేది తొమ్మిదివేల ఐదువందలు."

మూడేళ్లలో ఆమె మేస్త్రిని నువ్వు అనడం అదే మొదలు. ఆయనా గమనించాడు.

"నాకు రుసుము మాఫీ చేశావని ఎదురుపడ్డప్పుడల్లా దణ్ణం పెట్టాను. నా మంచితనం చూసి చేశావనుకున్నాను. వీళ్లని అడగడానికి నేను పనికొస్తానని చేశావు." ఆమె అందరి వైపూ తిరిగింది. "ఈ చేతులతోనే వసూలు చేశాను. నాకు తెలియదు. తెలియదంటే మీరు నమ్మకపోవచ్చు. తిట్టాలనుంటే తిట్టండి."

సబ్బు కలిపే ఆమె ముఖం తిప్పుకుంది. పోయిన నెల బిడ్డ మందులకు దాచుకున్న నోటును వదిన చేతిలో పెట్టింది ఆమే.

"తిడతాంలే అక్కా, తీరిగ్గా" అంది పొడుగమ్మాయి. "ముందు ఏ కౌంటరో చెప్పు."

అక్కడక్కడా నవ్వులు లేచాయి. మేస్త్రి ముఖం నల్లబడింది. ఆయన గొంతు మొదటిసారి షెడ్డంతా వినపడింది. "మీ ఇద్దరూ రేపటినుంచి రానక్కర్లేదు. మిగతావాళ్లు ఎవరెవరు నా దగ్గర అడ్వాన్సులు తీసుకున్నారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. గుర్తులేకపోతే నా పుస్తకంలో ఉన్నాయి." కవర్ల సంచి చంకన పెట్టుకుని, ఒక్కరికీ ఇవ్వకుండానే వెళ్లిపోయాడు.

మర్నాడు ఏడు గంటలకు మరకలామె ఎప్పటిలాగే వచ్చింది. వదినా వచ్చింది. దారిలో ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. "కాళ్లు నొప్పులా?" అని ఒకసారి వదిన అడిగింది, లేదని ఈమె చెప్పింది. గేటు దగ్గర కాపలా మనిషి అడ్డంగా నిలబడి ఉన్నాడు. వాళ్లిద్దరినీ పంపొద్దన్నారని నేల చూస్తూ చెప్పాడు.

వెనకే వచ్చినవాళ్లు ఒకరొకరుగా ఆగారు. ఆగి, ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. సబ్బు కలిపే ఆమె వచ్చి వదిన పక్కన గోడకు ఆనుకుంది. బాయిలరు ముసలాయన, "నిప్పు రాజెయ్యకపోతే లోపలికెళ్లినవాళ్లు మాత్రం ఏం చేస్తారు" అని బీడీ వెలిగించుకుని గట్టు మీద కూర్చున్నాడు. అందరూ ఆగలేదు. పొడుగమ్మాయి మేస్త్రి దగ్గర ఎనిమిదివేలు అడ్వాన్సు తీసుకుంది, ఇంకా ఆరువేలు తీరాలి. గేటు దాకా వచ్చి, అక్కడే చాలాసేపు నిలబడి, తలొంచుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆమె వెనక ఇంకో పన్నెండు మంది వెళ్లారు. వాళ్లను ఎవరూ ఏమీ అనలేదు. వదిన బయట మిగిలినవాళ్లను లెక్కపెట్టింది. పంతొమ్మిది.

ఏడున్నరకు ఆసుపత్రి నుంచి మొదటి బండి వచ్చింది. పైదాకా మాసిన దుప్పట్లు, ఆపరేషన్ గది గుడ్డలు. వాటిని గంటలోపు చన్నీళ్లలో వెయ్యకపోతే ఇక వెయ్యనక్కర్లేదు. డ్రైవరు హారన్ కొట్టాడు. గేటు తెరుచుకోలేదు. మళ్లీ కొట్టాడు.

మేస్త్రి బయటికి వచ్చాడు. బండి చూశాడు, గోడ వెంట నిలబడ్డవాళ్లను చూశాడు. చేతిలో ఫోను మోగుతోంది, ఎత్తకుండా నొక్కేశాడు. నడిచి వచ్చి మరకలామె ఎదురుగా ఆగాడు.

"సరే, జరిగిందేదో జరిగింది. లోపలికి రండి, ఇద్దరూ. బండి ఖాళీ చేశాక కూర్చుని మాట్లాడుకుందాం."

"అందరి కార్డులూ, పుస్తకాలూ బయటికి తెండి" అంది ఆమె. "ఎవరిది వాళ్ల చేతిలో పెట్టండి. అప్పుడు వస్తాం."

"పని ముందు. అవి ఎక్కడికి పోతాయి?"

"మూడేళ్లు ఎక్కడికో పోయాయిగా. మేం రాం."

ఆమె గట్టిగా ఏమీ అనలేదు. అయినా పక్కనున్న పద్దెనిమిది మందీ విన్నారు. లోపలికి వెళ్లినవాళ్లలో నలుగురైదుగురు కిటికీ చువ్వల దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

డ్రైవరు ఇంజను ఆపేసి కిందికి దిగాడు. ఎండ అప్పటికే బండి మీద పడుతోంది. అతను గేటుకేసి, వాళ్లకేసి చూసి, ఎవర్ని అడగాలో తెలియక మరకలామెనే అడిగాడు.

"ఎంతసేపమ్మా ఇక్కడ నిలబడాలి నేను?"

"ఆయన్నడుగన్నా" అంది ఆమె. "కార్డులు ఆయన దగ్గరున్నాయి."